అరవైలో రింగెక్కిన రాకీ

2006 డిసెంబర్ 20న ‘రాకీ బాల్బోవా’ అమెరికా థియేటర్లకు వచ్చేనాటికి సిల్వెస్టర్ స్టాలోన్‌కు అరవయ్యేళ్లు నిండి ఐదు నెలలు దాటింది. అంతకుముందు వచ్చిన రాకీ సినిమాకూ దీనికీ మధ్య పదహారేళ్ల ఎడం. మనవల్ని ఆడించాల్సిన వయసులో ఈయన బాక్సర్ రాకీగా మళ్లీ గ్లోవ్స్ తొడుక్కుంటాడట అన్న కబురు పొక్కగానే అమెరికాలో జోకులకు కొదవ లేకపోయింది. అభిమానులు మాత్రం నవ్వలేకపోయారు. వాళ్లది వేరే భయం. చిన్నప్పుడు గోడ మీద బొమ్మ అంటించుకుని ఆరాధించిన మనిషి ఇప్పుడు తెర మీద నవ్వులపాలైతే చూసి తట్టుకోగలమా అని.

తీరా సినిమా వచ్చాక వెటకారం చేద్దామని వెళ్లిన విమర్శకుల్లో చాలామంది మంచి మాటలు రాశారు. 2.4 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచవ్యాప్తంగా 15 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. పెద్ద పెద్ద మగాళ్లు చీకట్లో కళ్లు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ల వెనక ఉన్న సంగతులు కొన్ని, వాటి చుట్టూ అల్లుకున్న చిత్రాలు మరికొన్ని ఇవిగో.

చేదు మిగిల్చిన ఐదోది

1985లో వచ్చిన ‘రాకీ 4’ ఒక్క అమెరికాలోనే 12 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. 1990 నవంబర్‌లో వచ్చిన ‘రాకీ 5’ 4 కోట్ల దగ్గర చతికిలబడింది. అందులో రాకీ మెదడుకు దెబ్బ తగులుతుంది, ఆస్తి పోతుంది, ఇల్లు పోతుంది. చివరికి తాను చేరదీసి తయారుచేసిన కుర్రాడితోనే నడివీధిలో కలబడతాడు. మొదట రాసుకున్న స్క్రిప్టులో రాకీ ఆ దెబ్బలకు చనిపోవాలి. తర్వాత ఆ ముగింపు మార్చారు. బతికించారన్న మాటే గానీ, రింగులో పుట్టిన మనిషిని వీధి కొట్లాటలో వదిలేసినట్టయింది. స్టాలోన్ కూడా తర్వాతి కాలంలో ఆ సినిమాను వెనకేసుకు రాలేదు. అభిమానులకైతే అది పెళ్లిభోజనం చివర్లో పంటికింద పడ్డ రాయి. ఆరో సినిమా కోసం పదహారేళ్లు ఎదురుచూడటంలో ప్రేమ ఎంతుందో, ఆ రాయిని ఉమ్మేయాలన్న ఆత్రం కూడా అంతే ఉంది.

మొదటిసారి ఓడిపోయాడు

రాకీని బొత్తిగా చూడనివాళ్లు చాలామంది అతను మొదటి సినిమాలోనే ప్రపంచ ఛాంపియన్ అయిపోయాడనుకుంటారు. అవలేదు. 1976 నాటి ‘రాకీ’ చివర్లో పదిహేను రౌండ్లు నిలబడతాడు. జడ్జీల్లో చీలిక వచ్చి, మెజారిటీ మాత్రం ఛాంపియన్ అపోలో క్రీడ్ వైపు మొగ్గుతుంది. ఆ తీర్పు చదువుతున్నప్పుడు రాకీ వినడు. వేలమంది జనంలో ప్రియురాలు ఏడ్రియన్ కోసం గొంతు చించుకుంటుంటాడు. ప్రేక్షకుడూ వినడు. దర్శకుడు జాన్ అవిల్డ్‌సన్ పనితనం అక్కడుంది.

నిజానికి మొదట తీసిన ముగింపు ఇది కాదు. పోటీ అయ్యాక రాకీ, ఏడ్రియన్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నెమ్మదిగా బయటికి నడిచి వెళ్లిపోతారు. అది మరీ చప్పగా ఉందనిపించి రింగులో కౌగిలింతతో మళ్లీ తీశారు. పాత ముగింపు ఎక్కడికీ పోలేదు. సినిమా పోస్టర్ చూడండి: వీపులు మనవైపు పెట్టి చేతులు పట్టుకుని నడుస్తున్న జంట అదే. సినిమాలో లేని సన్నివేశం ప్రపంచమంతా గోడలకెక్కింది.

పది లక్షల డాలర్ల లోపు బడ్జెట్, 28 రోజుల షూటింగు. చేతికొచ్చింది మూడు ఆస్కార్లు, అందులో ఉత్తమ చిత్రం ఒకటి. కథ ఎక్కడిదంటారా? 1975 మార్చి 24న ఒహాయోలో మహమ్మద్ అలీతో చక్ వెప్నర్ అనే పెద్దగా పేరులేని బాక్సర్ తలపడ్డాడు. తొమ్మిదో రౌండులో అలీని కింద పడేశాడు కూడా. కాలు తొక్కి పడేశాడని అలీ వాదన. పదిహేనో రౌండు ముగియడానికి ఇంకా 19 సెకన్లుందనగా రిఫరీ పోటీ ఆపేశాడు. అది చూసిన స్టాలోన్ మూడున్నర రోజుల్లో స్క్రిప్టు మొదటి ప్రతి రాసి పడేశాడు. చాలా ఏళ్ల తర్వాత, 2003లో, నా బతుకుతో డబ్బు చేసుకున్నావంటూ వెప్నర్ కోర్టుకెక్కాడు. 2006లో, అంటే ఆరో సినిమా వచ్చిన ఏడాదే, ఇద్దరూ రాజీపడ్డారు.

అరిచింది అసలు జనమే

‘రాకీ బాల్బోవా’లో చివరి పోటీ లాస్ వేగాస్‌లోని మాండలే బే హోటల్లో. రాకీ రింగువైపు నడిచొచ్చే దృశ్యాలకు జూనియర్ ఆర్టిస్టుల్ని నమ్ముకోలేదు. 2005 డిసెంబర్ 3న అక్కడ బెర్నార్డ్ హాప్కిన్స్, జెర్మెయిన్ టేలర్‌ల మధ్య అసలు సిసలు ప్రపంచ టైటిల్ పోటీ ఉంది. టికెట్లు కొనుక్కుని వచ్చిన ఆ జనం ముందే స్టాలోన్ నడిచాడు. బాక్సింగ్ అభిమాని మామూలు ప్రేక్షకుడిలా కాదు, నకిలీని చూస్తే ఈలలతో కిందికి దింపేస్తాడు. అలాంటివాళ్లు లేచి రాకీ పేరు జపించారు. సినిమాలో వినిపించే ఆ హోరులో ఒక నటుడి మీద అభిమానమెంత, ముప్పయ్యేళ్లుగా తమతో పాటు ముసలివాడవుతున్న ఒక కల్పిత మనిషి మీద ప్రేమెంత అన్నది విడదీసి చెప్పడం కష్టం.

పోటీ మొత్తాన్ని హెచ్‌బీవో టీవీ ప్రసారం లాగానే చూపించారు. కామెంటేటర్లు జిమ్ లాంప్లీ, లారీ మర్చంట్, మాక్స్ కెల్లర్‌మన్. పేర్లు పిలిచింది మైఖేల్ బఫర్. రిఫరీ జో కోర్టెజ్. అందరూ నిజంగా ఆ పనులు చేసేవాళ్లే, ఎవరూ వేషం కట్టలేదు. అన్నిటికన్నా పెద్ద తెలివి, రాకీ రింగుకు వస్తున్నప్పుడు ఒళ్లు గగుర్పొడిచే బిల్ కాంటీ సంగీతం పెట్టకపోవడం. బావమరిది పాలీ కోరిక మీద ఫ్రాంక్ సినాట్రా పాడిన ఒక హుషారైన పాత పాట వేశారు. జనం నవ్వుకుంటారు. ఆ నవ్వుతోనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

విలన్లకు తగిలిన ముసలాళ్లు

ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి. ‘అరవయ్యేళ్లవాడు ఛాంపియన్‌తో పది రౌండ్లు నిలబడటమా, మరీ విడ్డూరం’ అన్నవాళ్లకు జవాబు సినిమాలో కన్నా బయటే ఎక్కువ దొరుకుతుంది. అదీ ఈ సిరీస్ విలన్ల జీవితాల్లోనే.

‘రాకీ 5’లో గురువుకు ద్రోహం చేసే టామీ గన్ పాత్ర వేసింది టామీ మారిసన్, నిజమైన హెవీవెయిట్ బాక్సర్. 1993 జూన్‌లో అతను ఓ పెద్దాయన్ని పాయింట్ల మీద ఓడించాడు. ఆ పెద్దాయన జార్జ్ ఫోర్‌మన్, అప్పటికి 44 ఏళ్లు. ఇక ఈయన పని అయిపోయిందన్నారు. మరుసటేడాది నవంబర్ 5న అదే ఫోర్‌మన్, 45 ఏళ్ల వయసులో, తనకన్నా దాదాపు ఇరవయ్యేళ్లు చిన్నవాడైన మైఖేల్ మూరర్‌ను పదో రౌండులో నాకౌట్ చేసి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1974లో కిన్షాసాలో అలీ చేతిలో పోగొట్టుకున్న కిరీటం ఇరవయ్యేళ్లకు తిరిగొచ్చింది. ఆనాడు వేసుకున్న ఎర్ర నిక్కరునే ఈసారీ వేసుకుని వచ్చాడు. సినిమావాళ్లు ఇలా రాస్తే ‘అతి’ అని కొట్టిపారేసేవాళ్లం. ఆ రాత్రి టీవీలో ఆ నాకౌట్‌ను ప్రపంచానికి చెప్పిన గొంతు జిమ్ లాంప్లీది. పన్నెండేళ్లకు రాకీ పోటీకి వ్యాఖ్యానం చెప్పిందీ ఆ గొంతే. తెలిసిన అభిమానులకు ఆ గొంతే సగం నమ్మకం.

ఇక ఆరో సినిమా ప్రత్యర్థి మేసన్ డిక్సన్. వేసింది ఆంటోనియో టార్వర్. 2004లో రాయ్ జోన్స్ జూనియర్‌ను రెండో రౌండులోనే పడగొట్టి బాక్సింగ్ లోకాన్ని నోరెళ్లబెట్టించిన లైట్ హెవీవెయిట్. సినిమాలో హెవీవెయిట్ ఛాంపియన్‌గా కనిపించడానికి బాగా బరువు పెరిగాడు. షూటింగ్ అయ్యాక మళ్లీ 175 పౌండ్లకు, అంటే దాదాపు 79 కిలోలకు దిగి 2006 జూన్ 10న అట్లాంటిక్ సిటీలో అసలు పోటీకి నిలబడ్డాడు. ఎదురుగా ఎవరనుకున్నారు? బెర్నార్డ్ హాప్కిన్స్. మాండలే బేలో రాకీ కోసం జనం అరిచిన రాత్రి టేలర్ చేతిలో ఓడి ఇంటికి వెళ్లిన మనిషి. వయసు 41. ఊరు ఫిలడెల్ఫియా, రాకీ ఊరే! ముగ్గురు జడ్జీలూ ఏకగ్రీవంగా హాప్కిన్స్‌నే గెలిపించారు, అదీ మామూలు తేడాతో కాదు. రాకీ సినిమా ఇంకా విడుదలే కాలేదు. ఫిలడెల్ఫియా ముసలాయన ఒకడు మేసన్ డిక్సన్‌ను అప్పుడే చితక్కొట్టేశాడు.

హాప్కిన్స్ అక్కడితో ఆగలేదు. 46 ఏళ్ల వయసులో జాన్ పాస్కల్‌ను ఓడించి ఫోర్‌మన్ వయసు రికార్డును తుడిచేశాడు. 49 ఏళ్ల వయసులోనూ టైటిల్ పోటీ గెలిచాడు. రాకీ కథ అతిశయోక్తి అనేవాళ్లు హాప్కిన్స్ కథ విన్నాక కాస్త తగ్గుతారు.

కంప్యూటర్ పెట్టిన చిచ్చు

సినిమాలో రాకీని మళ్లీ రింగుకు లాగేది ఓ టీవీ కార్యక్రమం. వయసులో ఉన్న రాకీకీ ఇప్పటి ఛాంపియన్‌కీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో కంప్యూటర్ లెక్కగట్టి రాకీ అంటుంది. ఛాంపియన్‌కు ఒళ్లు మండుతుంది. ఇది గాల్లోంచి పుట్టింది కాదు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో ‘ది సూపర్ ఫైట్’ అని ఒకటి వేశారు. రిటైరైన రాకీ మార్సియానో, అప్పట్లో లైసెన్సు పోగొట్టుకుని ఖాళీగా ఉన్న మహమ్మద్ అలీ ఇద్దరూ కెమెరా ముందు ఉత్తుత్తి గుద్దులు గుద్దుకున్నారు. ఎవరు గెలిచారన్నది కంప్యూటర్ తేల్చింది. అమెరికాలో వేసిన ప్రింటులో పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్ చేస్తాడు. ఐరోపాలో కొన్నిచోట్ల అలీ గెలిచే ప్రింటు వేశారట, అక్కడి అభిమానుల మనసు నొప్పించకుండా! మార్సియానో మాత్రం ఏ ప్రింటూ చూడలేదు. 1969 ఆగస్టు చివర్లో, 46వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, విమాన ప్రమాదంలో పోయాడు.

గెలిచే ముగింపు కూడా ఉంది

ఆరో సినిమాకు రెండు ముగింపులు తీశారు. ఒకదాంట్లో రాకీ గెలుస్తాడు. డీవీడీలో ఆ దృశ్యం ఉంది, చూడొచ్చు. చూస్తే ఎందుకో పండదు. థియేటర్లో చూపించిన దాంట్లో జడ్జీల్లో ఇద్దరు డిక్సన్ వైపు, ఒకరు రాకీ వైపు. అచ్చం ముప్పయ్యేళ్ల నాటి తీర్పే. ఫలితం పూర్తిగా చదివేలోపే రాకీ రింగు దిగి జనం చేతులు తాకుతూ వెళ్లిపోతుంటాడు. ఎవరు గెలిచారన్నది అతనికీ అక్కర్లేదు, చప్పట్లు కొట్టేవాళ్లకీ అక్కర్లేదు.

అభిమానుల్ని ఏడిపించింది ఇదేనని నా నమ్మకం. గెలిచి ఉంటే అది స్టాలోన్ కల అయ్యేది. ఓడి నిలబడ్డాడు గనక చూసేవాళ్ల కథ అయింది. 1976లో ఇరవయ్యేళ్లున్న కుర్రాడికి 2006లో యాభై. ఉద్యోగంలో వెనకబడ్డవాడు, భార్య పోయినవాడు, కొడుకుతో మాటల్లేనివాడు... ఇలా ఎవరి ఓటమి వాళ్లకుంటుంది. వీధిలో నిలబడి రాకీ తన కొడుకుతో చెప్పే మాటలు ఆటగాళ్ల డ్రెస్సింగ్ రూముల్లోనూ కాలేజీ హాస్టళ్లలోనూ ఇప్పటికీ వినిపిస్తున్నాయంటే కారణం అదే. ఎంత గట్టిగా కొట్టావన్నది కాదు, ఎన్ని దెబ్బలు తిని ముందుకు నడిచావన్నది లెక్క అంటాడు. విడిగా వింటే గోడ మీది సూక్తిలా ఉంటుంది. కుంగిన భుజాలతో, ముడతలు పడ్డ మొహంతో ఆ మనిషి చెబుతుంటే అలా అనిపించదు.

ఏడ్రియన్ ఎందుకు లేదు?

స్టాలోన్ మొదట రాసిన ప్రతిలో ఏడ్రియన్ బతికే ఉంది. కథ నడవలేదు. ఆమె లేకపోతే రాకీకి గుండె తీసేసినట్టే కదా అన్న ఆలోచన వచ్చాకే సినిమా కుదిరిందని ఆయనే చెప్పాడు. నాలుగు సినిమాల్లో గెలుపోటముల పక్కన, ఐదోదాంట్లో దిగజారినప్పుడూ ఆమె పాత్రలో కనిపించిన టాలియా షైర్ ఇందులో జ్ఞాపకాల ముక్కల్లో మాత్రమే ఉంటుంది. అభిమానుల్లో ఈ నిర్ణయాన్ని ఇప్పటికీ క్షమించనివాళ్లున్నారు. వాళ్ల కోపమూ ప్రేమే.

ఫిలడెల్ఫియాలోని లారెల్ హిల్ శ్మశానంలో ఏడ్రియన్ పేరు చెక్కిన సమాధి రాయి ఉంది. సినిమా కోసం పెట్టిందే గానీ తీసేయలేదు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన జనరళ్లు నిద్రపోతున్న ఆ పాత శ్మశానంలో, పుట్టనూ లేదు గిట్టనూ లేదు అనదగ్గ ఒక కల్పిత స్త్రీ సమాధి ఎక్కడని అడుగుతూ వచ్చేవాళ్లున్నారు. తర్వాత 2015 నాటి ‘క్రీడ్’ సినిమా కోసం పక్కనే పాలీ పేరుతోనూ రాయి వెలిసింది.

పాత మొహాలు

మొదటి సినిమా తొలి సన్నివేశంలో ఓ చిన్న హాల్లో రాకీతో తలపడి ఓడిపోయే స్పైడర్ రీకో గుర్తున్నాడా? వేసింది పెడ్రో లోవెల్, అర్జెంటీనా బాక్సర్. ముప్పయ్యేళ్ల తర్వాత ఆయన్నే వెతికి తెచ్చారు. రాకీ నడిపే రెస్టారెంటులో వచ్చి ఊరికే తినడం తనకిష్టం లేదని గిన్నెలు కడుగుతుంటాడు. ఒక్క మాటా చెప్పకుండానే అభిమానులు గుర్తుపట్టేశారు.

ఆ రెస్టారెంటు కూడా ఉంది: దక్షిణ ఫిలడెల్ఫియాలో విక్టర్ కేఫ్. సినిమాలో ‘ఏడ్రియన్స్’ అని బోర్డు మార్చారు. వడ్డించేవాళ్లు మధ్య మధ్యలో ఒపేరా పాటలు పాడటం అక్కడి ప్రత్యేకత.

మొదటి సినిమాలో రాకీ పెంచుకునే రెండు తాబేళ్లు కఫ్, లింక్. అవి సెట్టు మీద నుంచి స్టాలోన్ ఇంటికి వెళ్లి నాలుగు దశాబ్దాలు దాటినా బతికే ఉన్నాయి. ‘క్రీడ్’లో మళ్లీ కనిపించాయి. ఈ సిరీస్‌లో వయసు మీద పడనివి అవి రెండే కాబోలు. మొదటి రెండు సినిమాల్లోని కుక్క బట్కస్ స్టాలోన్ సొంతది. తిండికి లేక దాన్ని అమ్ముకుని, స్క్రిప్టు అమ్ముడయ్యాక పదింతలకు మించి పోసి తిరిగి కొనుక్కున్న కథ ఆయన చెప్పిన ప్రతిసారీ వినేవాళ్లు కొత్తగా విన్నట్టే కరిగిపోతారు.

స్టాలోన్‌తో పాటు ఆరు సినిమాల్లోనూ ఉన్నవాళ్లు ఇద్దరే: పాలీగా బర్ట్ యంగ్, ట్రైనర్ డ్యూక్‌గా టోనీ బర్టన్.

డెబ్భై రెండు మెట్లు

మొదటి సినిమాలో రాకీ ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం మెట్లెక్కి చేతులు పైకెత్తుతాడు చూడండి, ఆ మెట్ల ఆలోచన స్టాలోన్ బుర్రలో పుట్టింది కాదు. గారెట్ బ్రౌన్ అనే ఫిలడెల్ఫియా ఛాయాగ్రాహకుడు, నడుస్తున్నా కుదుపు రాకుండా తీసే ఒక పరికరం కనిపెట్టాడు. దాన్నే ఇప్పుడు స్టెడీక్యామ్ అంటున్నాం. దాని గొప్పతనం చూపించడానికి తన స్నేహితురాల్ని ఆ మెట్ల మీద పరుగెత్తించి షూట్ చేశాడు. తర్వాత ఆమె ఆయన భార్య అయింది. ఆ రీలు చూసిన అవిల్డ్‌సన్ రెండే ప్రశ్నలు వేశాడు: ఇది ఎలా తీశావు, ఆ మెట్లు ఎక్కడున్నాయి? అంటే రాకీ కన్నా ముందు ఆ మెట్లు పరుగెత్తింది ఓ అమ్మాయి.

ఆ తర్వాత ఎంతమంది పరుగెత్తారో లెక్క లేదు. మ్యూజియం లోపల సెజాన్ చిత్రాలున్నాయన్న ధ్యాసే లేకుండా పైదాకా ఎక్కి, గెంతి, ఫోటో దిగి వెనక్కి వెళ్లిపోతారు. ‘ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్’ విలేకరి మైఖేల్ విటెజ్ ఓ ఏడాదిపాటు ఆ మెట్ల దగ్గర కాపు కాసి, ఎక్కి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఫోటోగ్రాఫర్ టామ్ గ్రేలిష్‌తో కలిసి 2006లో పుస్తకం తెచ్చాడు. పెళ్లి మాట అడిగినవాళ్లు, జబ్బు నుంచి లేచినవాళ్లు, ఉత్త సరదాకి వచ్చినవాళ్లు... అందరూ ఉన్నారందులో.

స్టాలోన్‌కూ ఈ సంగతి తెలుసు. అందుకే ‘రాకీ బాల్బోవా’ చివరి టైటిళ్లు పడుతుంటే తెర మీద కనిపించేది ఎక్కువగా తాను కాదు. పిల్లలు, ముసలివాళ్లు, లావుపాటివాళ్లు, కోటూ టై వేసుకున్నవాళ్లు... మామూలు మనుషులు ఒకరి తర్వాత ఒకరు ఆ మెట్లెక్కి చేతులెత్తుతుంటారు. టైటిళ్లు పడగానే లేచిపోయే అలవాటున్న ప్రేక్షకుల్ని కుర్చీలకు అతికించేసిన టైటిళ్లవి. అభిమానుల్ని సినిమాలోనే కలిపేసుకున్న ఇలాంటి కృతజ్ఞత నేను ఇంకెక్కడా చూడలేదు.

ఊరంతా తిరిగిన విగ్రహం

మెట్ల దగ్గర పెట్టిన రాకీ కంచు విగ్రహం ‘రాకీ 3’ కోసం థామస్ షోంబర్గ్ చెక్కింది. షూటింగ్ అయ్యాక దాన్ని అక్కడే ఉంచాలని అభిమానులు, అది కళాఖండం కాదు సినిమా సామగ్రి అని కళాకారులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. విగ్రహం క్రీడా ప్రాంగణానికి పోయింది, ఇంకో సినిమాకు వచ్చింది, మళ్లీ పోయింది. 2006 సెప్టెంబర్ 8న మెట్ల కింద కుడిపక్కకు చేరింది. అప్పట్లో పైన పెట్టలేదు, పూర్తిగా గెంటేయనూ లేదు. పంచాయతీ తీర్పు అంటే ఇలాగే ఉంటుంది మరి.

ఈ విషయంలో అభిమానులు ఒప్పుకోవాల్సిన ఇబ్బంది ఒకటుంది. ఫిలడెల్ఫియాలో బతికి, అలీని ఓడించిన అసలు ఛాంపియన్ జో ఫ్రేజియర్‌కు ఆ ఊళ్లో విగ్రహం లేచింది 2015లో, ఆయన పోయిన నాలుగేళ్లకు. కల్పిత బాక్సర్‌కు అంతకు ముప్పయ్యేళ్ల ముందే.

సెర్బియాలో జితిష్టే అనే చిన్న ఊరు ఉంది. వరదలొచ్చినప్పుడు తప్ప దాని పేరు వార్తల్లోకి వచ్చేది కాదు. పడ్డా లేచేవాడు మాకు కావాలంటూ 2007 ఆగస్టులో ఊరి నడిబొడ్డున రాకీ విగ్రహం నిలబెట్టుకున్నారు.

2018 జనవరిలో మినెసోటా నుంచి వచ్చిన వైకింగ్స్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు ఫిలడెల్ఫియా విగ్రహానికి తమ ఊదారంగు జెర్సీ తొడిగి కవ్వించారు. మర్నాటి కథ: ఊరి జట్టు ఈగల్స్ 38, వైకింగ్స్ 7. అప్పటినుంచి విగ్రహం జోలికి వెళితే శాపం తగులుతుందని ఒక నమ్మకం.

నాన్న కోసం తీసిన సినిమా

తొమ్మిదేళ్లకు వచ్చిన ‘క్రీడ్’ (2015) ఓ అభిమాని ఇంట్లో పుట్టింది. దర్శకుడు రయన్ కూగ్లర్ తండ్రికి రాకీ అంటే ప్రాణం. జబ్బుపడ్డ తన తల్లి పక్కన కూర్చుని చూసిన సినిమా గనక ‘రాకీ 2’ చూసినప్పుడల్లా ఏడ్చేవాడు. కొడుక్కి ఆటల పోటీలుంటే ముందు ఆ సినిమా చూపించి పంపేవాడు. అలాంటి తండ్రికే కండరాల జబ్బు వచ్చి ఒళ్లు సహకరించకుండా పోయింది. నాన్న హీరోకే జబ్బొస్తే ఎలా ఉంటుంది అని కూగ్లర్ ఆలోచించాడు. అప్పటికి ఒక్క పూర్తి నిడివి సినిమా కూడా తీయని కుర్రాడు వచ్చి ఈ కథ చెబితే స్టాలోన్ వెంటనే ఒప్పుకోలేదు. రాకీకి ఆరో సినిమాలో దక్కిన గౌరవమైన వీడ్కోలు పాడవుతుందని భయం. అభిమానుల భయమూ అదే.

ఇందులో రాకీ గ్లోవ్స్ తొడగడు. క్యాన్సర్‌తో పోరాడతాడు, అపోలో కొడుకు అడోనిస్‌కు పాఠాలు చెబుతాడు. చివర్లో ఆ డెబ్భై రెండు మెట్లూ ఆగి ఆగి, కుర్రాడి సాయంతో ఎక్కుతాడు. ఆఖరి రౌండులో పాత సంగీతం ఒక్కసారి గుప్పుమన్నప్పుడు థియేటర్లలో చప్పట్లు మోగాయి. సంగీత దర్శకుడు లుడ్విగ్ గోరాన్‌సన్ అప్పటిదాకా ఆ స్వరాన్ని ఊరించి దాచాడు మరి. లివర్‌పూల్‌లో జరిగే ఆ పోటీకి గుడిసన్ పార్క్ మైదానం నేపథ్యం. 2015 జనవరిలో ఎవర్టన్ జట్టు మ్యాచ్ హాఫ్‌టైమ్‌లో అసలు ప్రేక్షకుల్నే అరిపించి షూట్ చేసుకున్నారు. మాండలే బే కిటుకే!

రెండు రాత్రులు

2016 జనవరిలో ‘క్రీడ్’లోని ఈ రాకీ పాత్రకే గోల్డెన్ గ్లోబ్ వచ్చినప్పుడు హాలు హాలంతా లేచి నిలబడింది. స్టాలోన్ తబ్బిబ్బై, తన ఊహల్లోని నేస్తం రాకీకి కృతజ్ఞత చెప్పి, సినిమా తీసిన కూగ్లర్ పేరే మరిచిపోయాడు. ప్రకటనల విరామంలో గబగబా తిరిగొచ్చి చెప్పాడు గానీ టీవీ చూస్తున్నవాళ్లకు అది కనిపించలేదు. ఫిబ్రవరిలో ఆస్కార్ మార్క్ రైలాన్స్‌కు పోయింది. ఒకే పాత్రకు 39 ఏళ్ల ఎడంతో రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చి, రెండుసార్లూ చేతికి అందలేదు. రాకీలాగే పాయింట్ల మీద ఓడాడని సరిపెట్టుకున్నారు అభిమానులు.

టైసన్ మన దాకా వచ్చాడు

‘రాకీ బాల్బోవా’లో మైక్ టైసన్ తన పాత్రలో తానే కనిపిస్తాడు. రింగు పక్కన కూర్చుని మేసన్ డిక్సన్‌ను ఎగతాళి చేసి రెచ్చగొడతాడు. అక్కడి నుంచి పదహారేళ్లకు, 2022లో, పూరి జగన్నాథ్ తీసిన ‘లైగర్’లో విజయ్ దేవరకొండ ఎదుట తేలాడు. ఆ సినిమాకు మనవాళ్ల స్పందన ఎలా ఉందో గుర్తుచేసి ఎవరి మనసూ నొప్పించడం ఎందుకు గానీ, టైసన్‌ను తెలుగు తెర మీద చూస్తామని 2006లో ఎవరైనా అంటే నమ్మేవాళ్లం కాదు.

ఇంకో ముచ్చట. న్యూయార్క్ రాష్ట్రంలో కానస్టోటా అనే చిన్న ఊళ్లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. 2011 జూన్‌లో అక్కడ చోటు దక్కినవాళ్లలో మైక్ టైసన్ ఉన్నాడు, రిఫరీ జో కోర్టెజ్ ఉన్నాడు, సిల్వెస్టర్ స్టాలోన్ ఉన్నాడు. ‘రాకీ బాల్బోవా’ ఆఖరి పోటీలో ఒకే హాల్లో కనిపించిన ముగ్గురూ ఒకే ఏడాది ఒకే గోడకెక్కారు. మొదటివాడు ఛాంపియన్, రెండోవాడు రిఫరీ. మూడోవాడు ప్రొఫెషనల్ రింగులో ఒక్క బౌటూ ఆడనివాడు.